కండెల ఖాతాలో మాట

నాకు చిన్నప్పటి నుంచీ నోరెక్కువ. "ఈ పొల్ల నోరు మూయించాలంటే యేసయ్యే దిగి రావాలె" అనేది మా అమ్మ. యేసయ్య రాలేదు గానీ, పంతొమ్మిదో ఏట నాకు మిల్లులో పని దొరికింది.

అది ఊళ్లో అందరికీ తెలిసిన పెద్ద మిల్లు కాదు. వరంగల్‌కూ కాజీపేటకూ నడుమ, రైలు కట్ట పక్కన, తువ్వాళ్లూ గాజుగుడ్డా నేసే ఒక చిన్న మిల్లు. ఇప్పుడు దాని గోడలు కూడా లేవు. పేరు చెప్పుకొని ఏడవడానికి ఏమీ మిగల్లేదు కనుక పేరు చెప్పను. మా నాన్న కాజీపేటలో రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, ఎవరెవరినో బతిమాలి, డెబ్బైల నడుమ ఒక ఎండాకాలం అక్కడ చేర్పించాడు.

మిల్లులో ఒక్కో విభాగాన్ని ఖాతా అంటారు. ఆడవాళ్లం పని చేసేది కండెల ఖాతా. అవతల సాంచాల మీద బట్ట నేయడానికి కావలసిన నూలును ఇవతల మేము మెషీన్ మీద కండెలుగా చుట్టి పంపేవాళ్లం. రెండు ఖాతాలకూ నడుమ గోడ సగం ఎత్తు దాకానే ఉండేది. వందకు పైగా సాంచాలు ఒక్కసారిగా కొట్టుకునే చప్పుడంతా ఆ గోడ మీది నుంచి మా నెత్తిన పడేది. మొదటి రోజు తలుపు దాటగానే ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, కడుపులోకి వచ్చింది.

కానీ నేను భయపడింది ఆ చప్పుడుకు కాదు. అక్కడ నలభై మంది ఆడవాళ్లు మెషీన్ల ముందు నిలబడి ముచ్చట్లు పెట్టుకుంటున్నారు. ఒకామె నవ్వుతోంది, ఇంకొకామె చెయ్యి తిప్పుతూ ఎవరినో తిడుతోంది, మూలన ఇద్దరు ఏదో గుసగుసలాడుతున్నారు. ఒక్కరి నోట్లోంచీ ఒక్క మాట బయటికి రావడం లేదు. "నేనెవలకు చెప్పాలె, నేను కొత్తగ వచ్చిన" అని గొంతు చించుకొని అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. నిజంగా అరిచానా లేదా అని గొంతు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. గొంతు అదురుతోంది. సరే, బతికే ఉన్నాననుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా గడ్డం కింద గదవ పట్టుకొని ముఖాన్ని తనవైపు తిప్పుకుంది. ఆమెను ఖాతాలో అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. అప్పటికే యాభై దాటి ఉంటాయి. ఎత్తు మనిషి. చేతుల మీద, కనుబొమల మీద దూది నూగు. పని నేర్పమని మేస్త్రీ నన్ను ఆమెకు అప్పగించాడు. ఇప్పుడంటే ట్రైనింగులూ సర్టిఫికెట్లూ వచ్చాయి. అప్పుడు మాకు నేర్చుకోవడమంటే ఆరు నెలలు పెద్దమ్మ ఎడమ పక్కన నిలబడడం, అంతే.

మొదటి పది రోజులు నన్ను దారం ముట్టనివ్వలేదు. నేను చూడవలసింది ఆమె నోటిని. కొత్తగా వచ్చినవాళ్లకు పెదవుల మాట అర్థమయ్యేదాకా ఖాతాలో పేరుండదు. 'చెవిటిది' అనేవాళ్లు. "చెవిటిది వచ్చింది, దారి ఇడువుండ్రి." "చెవిటిదానికి నీళ్లు పోయుండ్రి." వాళ్లు అలా అంటున్నారని కూడా తెలియకుండా నేను పళ్లికిలిస్తూ నిలబడేదాన్ని. తర్వాత తెలిసి ఒళ్లు మండిపోయింది. నా అంత వాగుడుకాయను పట్టుకొని చెవిటిదంటారా!

పదకొండో రోజో పన్నెండో రోజో, పెద్దమ్మ నా గదవ పట్టుకొని తిప్పి పెదవులు కదిపింది. ఆ మాట నా బుర్రలో గంట కొట్టినట్టు పడింది.

"నీ జడ పట్టాల పడ్తది, ఎన్కకు జరుగు."

ఎగిరి వెనక్కు దూకాను. తిరుగుతున్న పట్టాకు, అంటే మెషీన్ బెల్టుకు, జానెడు దూరంలో ఉంది నా జడ. పెద్దమ్మ చెయ్యెత్తి అందరికీ సైగ చేసింది. నలభై మందీ మెషీన్లు ఆపకుండానే నావైపు తిరిగి నవ్వారు. మాట దొరికిందన్నమాట. మాట దొరికిన రోజు ఆ పిల్ల నోట్లో బెల్లం ముక్క పెట్టడం ఖాతా ఆచారం. చీర కొంగున కట్టుకున్న బెల్లం, మీద దూది నూగుతో సహా, పెద్దమ్మ నా నోట్లో పెట్టింది. అంత తీపి నేను మళ్లీ తినలేదు.

తర్వాత చేతి పని. తెగిన దారాన్ని మెషీన్ ఆపకుండా ఒంటి చేత్తో ముడి వెయ్యాలి. పెద్దమ్మ తన వేళ్ల మీద నా వేళ్లు పెట్టించి, కళ్లు మూసుకోమని, తాను ముడి వేసేది. నెల తిరిగేసరికి నా వేళ్లు ఆమె వేళ్లలాగే వంగడం మొదలుపెట్టాయి. ఎడమ చిటికెన వేలు ఆమెకు కొంచెం బయటికి తిరిగి ఉండేది. నాదీ అలాగే తిరిగింది. ఒకరోజు అన్నం తింటూ నా చెయ్యి చూసుకొని, ఇది నాదేనా అనుకున్నాను.

చేతి సంగతి అట్లా ఉంటే, నోటి సంగతి ఇంకా చిత్రం. చప్పుడులో గొంతు వాడి ఏం లాభం? పైగా నోరు తెరిచి అరిస్తే దూది గొంతులోకి పోయి దగ్గు. కాబట్టి ఖాతాలో ఎవరూ గొంతు వాడరు. పెదవులు ఆడితే చాలు. అలవాటు ఎంత పాడుదంటే, ఒక సాయంత్రం ఇంటికి వచ్చి మా అమ్మను అన్నం పెట్టమన్నాను. అమ్మ చేతిలో గరిటె పట్టుకొని నన్నే చూస్తూ నిలబడిపోయింది.

"ఏందే, పెదవులు ఆడిస్తానవ్ గని మాటేది? దయ్యం గిట్ట పట్టిందా?"

నేను మాట్లాడాననే అనుకున్నాను. అమ్మ ఆ ఆదివారమే నన్ను పాస్టరయ్య ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయించింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. చర్చిలో అవతలి వరుసలో కూర్చున్న ఒకామె తన చెల్లెలితో చప్పుడు లేకుండా ఏమంటోందో నాకు తెలిసిపోతోంది. "పాపం, ఈ పొల్లకు ఇంక పెండ్లి కాదు" అంటోంది. అక్కడే లేచి నాలుగు దులుపుదామనుకున్నాను.

అప్పటి నుంచీ నాకు వినకూడనివి వినబడేవి. నాన్నకు సద్ది ఇవ్వడానికి కాజీపేట స్టేషన్‌కు పోయినప్పుడు ఒక అద్దాల బోగీ వచ్చి నా ఎదురుగా ఆగింది. కిటికీ వెనక ఒక ఆడమనిషి, నా ఈడుదే, ఎదుట ఉన్న ఎవరితోనో అంటోంది: "నన్ను దింపెయ్యి. నీ కాళ్లు మొక్కుత, ఈడనే దింపెయ్యి." ముఖంలో మాత్రం ఏమీ లేదు, వానొస్తుందేమో అన్నట్టు మామూలుగా ఉంది. నేను సద్ది గిన్నె అక్కడే పెట్టి అద్దం మీద కొట్టాను. ఆమె నావైపు చూసి నోరు మూసుకుంది. బండి కదిలిపోయింది. నాన్నతో చెబితే, "అద్దం అవతలి మాట నీకెట్ల ఇనబడ్డది?" అని అడిగాడు.

మూడేళ్లు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వస్తూ, మిల్లు క్వార్టర్లలో ఉండే పెద్దమ్మను చూద్దామని పోయాను. తలుపు బార్లా తీసి ఉంది. ఆమె నాకు వీపు పెట్టి కూర్చొని బియ్యం ఏరుతోంది. "పెద్దమ్మా" అన్నాను. తిరగలేదు. మళ్లీ పిలిచాను. మూడోసారి, ఈసారి నిజంగా గొంతుతోనే, వీధి చివరికి వినబడేలా పిలిచాను. ఆమె వేళ్లు బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉన్నాయి. మూలన నులక మంచం మీద ఆమె పెనిమిటి పడుకొని ఉన్నాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషి. ఆయన నన్ను చూశాడు. బాగున్న చేత్తో మంచం కోడు మీది ఇత్తడి చెంబును కిందికి తోశాడు. గచ్చు మీద ఖంగుమని పడి, దొర్లి దొర్లి ఆగింది. ఆమె తల తిప్పలేదు. ఆయన అదే చేతి వేలు తన పెదవుల మీద పెట్టుకొని నావైపు చూశాడు.

మెల్లగా చుట్టూ తిరిగి పోయి ఆమె ముందు నిలబడ్డాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? నిలవడ్డవేంది, కూసో."

ఆ ఇంట్లో సాంచాలు లేవు. కాకి అరుపు తప్ప ఏ చప్పుడూ లేదు. అయినా ఆమె గొంతు వినబడలేదు. పెదవులే ఆడాయి. మూడేళ్లుగా నేను ప్రేమ అనుకున్న ఆ గదవ పట్టుకోవడం ఎందుకో అప్పుడు అర్థమైంది. ముఖం తన వైపు ఉంటే తప్ప ఆమెకు మాట లేదు.

నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది. నేను కూర్చోగానే రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది. "ఎవలకు చెప్పకు బిడ్డా. తెలిస్తే పని పోతది. పనితోని గీ ఇల్లు పోతది. గీ మనిషిని ఏసుకొని నేనేడికి పోవాలె? నెక్కొండ కాడ మా తమ్ముడు మేముండనీకి ఓ అర్ర ఏస్తానన్నడు. మూడేండ్లయితే నా నౌకరీ అయిపోతది. గప్పటిదాంక." ఒట్టు పెట్టాను. అడక్కపోయినా పెట్టేదాన్నే.

ఆ మరుసటి ఏడు మిల్లు యాజమాన్యానికి కొత్త గాలి సోకింది. పనివాళ్లకు పని శాస్త్రీయంగా నేర్పించాలట. హైదరాబాదు నుంచి ఒక ట్రైనింగు ఆఫీసరును పిలిపించారు. పొడుగు చేతుల చొక్కా, పై పెదవిని పూర్తిగా కప్పేసిన గుబురు మీసం. మంచివాడే, ఆ మాట చెప్పాలి. ఆఫీసు వెనకాల ఒక నిశ్శబ్దమైన హాలులో ఐదు రోజులు, రోజుకు గంట క్లాసు. నలభై మందిమి బల్లల మీద కూర్చుంటే ఆ గది నిశ్శబ్దం మమ్మల్ని నొక్కినట్టు ఉండేది. ఫ్యాను తిరిగే చప్పుడుకు కూడా ఉలిక్కిపడేవాళ్లం. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని కనుక, కండె పట్టుకొని చూపించడానికి బోర్డు పక్కన నన్ను నిలబెట్టాడు.

"మీరు నేర్పే పద్ధతిలో లోపం ఉందమ్మా. పనిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనూ మాటల్లో చెప్పాలి. మీలో సీనియర్ ఎవరు? ముడి ఎలా వేస్తారో వరసగా చెప్పండి" అన్నాడు, బోర్డు వైపు తిరిగి రాసుకుంటూ.

ముందు వరుసలో పెద్దమ్మ అతని వీపును చూస్తూ కూర్చుంది. అతను తిరిగినా ఆ మీసం వెనక ఆమెకు ఏమీ దొరకదు. నేను అతని వెనక నుంచి పెదవులు కదిపాను: 'ముడి ఎట్ల ఏస్తరో చెప్పమంటాండు.' ఆమె లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. కొసలు రెండూ బొటనవేలి కింద పెట్టడం, ఒకటి చుట్టడం, పంటితో కాదు గోటితో తెంపడం. ఎంత చక్కగా చెప్పిందో! అన్నీ పెదవులతోనే. గాలి కూడా బయటికి రాలేదు.

ఆఫీసరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "గట్టిగా చెప్పండమ్మా." ఆమె ఇంకా పెద్దగా పెదవులు తెరిచింది. అతని ముఖం పాలిపోయింది. నలభై మంది తలలూపుతూ, ఔను ఔను అన్నట్టు వింటున్నారు. గదిలో చిన్న చప్పుడు కూడా లేదు. ఆ రోజు ఆ హాలులో చెవిటివాడు అతనొక్కడే.

"పెద్దమ్మకు సర్ది చేసి గొంతు పోయింది సార్. నేను చెప్త" అన్నాను. ఆమె పెదవులు చూస్తూ ఒక్కో మాటా పైకి చెప్పాను. నా గొంతు నాకే వింతగా వినబడింది, ఆమెదేమో అన్నట్టు. ఐదు రోజులూ అదే నడిచింది. అతని ప్రశ్న నా పెదవుల మీదుగా ఆమెకు, ఆమె జవాబు నా గొంతులో అతనికి. నలభై మందికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆఖరు రోజు అతను ఒక కాగితం తీశాడు. "ఈ చప్పుడు చెవుల్ని తినేస్తుందమ్మా, మెల్లగా, మీకు తెలియకుండా. ఒక్కరికి వినబడట్లేదని తేలినా సరే, డాక్టరును పిలిపించి అందరికీ పరీక్ష చేయిస్తాను, చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు తెప్పిస్తాను. వినబడనివాళ్లను మాత్రం మెషీన్ దగ్గర ఉంచరు, అది రూలు. అబద్ధం చెప్పకండి." వచ్చి పెద్దమ్మ ముందు నిలబడ్డాడు. "మీకు వినబడుతుందా?"

నేను ఆ మాటలన్నీ, బిరడాలతో సహా, ఆమెకు అందించాను. ఆమె వెనక్కు తిరిగింది. వెనక కూర్చున్న పిల్లలను చూసింది, పదిహేడేళ్లవాళ్లను, పద్దెనిమిదేళ్లవాళ్లను. మళ్లీ నావైపు తిరిగి, నిదానంగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నాకు ఇనబడదని చెప్పు బిడ్డా. నా సంగతి ఇడిచిపెట్టు. పోరగాండ్ల చెవులన్న ఉండనీ."

నా కళ్ల ముందు ఆ నులక మంచం, ఆ మనిషి, ఆ చెంబు. నెక్కొండలో ఇంకా లేవని అర్ర.

పెద్దమ్మకు నా పెదవులు కనబడకుండా ముఖం బోర్డు వైపు తిప్పి, "మంచిగ ఇనబడ్తదంట సార్" అన్నాను.

అతను రాసుకున్నాడు. మిగతావాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు అదే అన్నారు. డాక్టరు రాలేదు, బిరడాలు రాలేదు. పెద్దమ్మకు నేనేం చెప్పానో వినబడలేదు గానీ, వెనక నలభై మంది ముఖాల్లో చదువుకుంది. ఇంకో రెండేళ్లు నా పక్కనే పని చేసింది. నా గదవ మళ్లీ ముట్టుకోలేదు. వెళ్లిపోయే రోజు మాత్రం నా ముందు ఆగి, "నేను చెప్పిన మాట నువ్వు చెప్పలే" అంది. ఆమె పెనిమిటి నెక్కొండ అర్రలో, సొంత నీడన పోయాడని తర్వాత తెలిసింది. మంచి పని చేశానని అప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నా బుద్ధికి మన్ను!

ఎనభైలు వచ్చాయి. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. కండెల ఖాతాలో ఇప్పుడు సీనియర్ని నేను. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రోజూ బండిలో వచ్చే ఒక రైతు బిడ్డను నాకు అప్పగించారు. నోట్లో నాలుక లేని పిల్ల. పది రోజులకే మాట దొరికింది. నేనే బెల్లం పెట్టాను.

మూడేళ్లకు ఒక ఆదివారం చర్చికి పోతే గంట ఊగుతోంది, మోగడం లేదు. తాడు లాగుతున్న ముసలాయన మీద మండిపడ్డాను. "గంట నాలుక ఊడిపోతే చూసుకోరా? ఉత్తగ గుంజుతాన్నవ్!" అని అందరిముందూ కడిగేశాను. ఆయన తాడు వదిలేసి నన్ను జాలిగా చూశాడు. మా పిల్లలిద్దరూ చెవులు మూసుకొని ఉన్నారు, గంట చప్పుడుకు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆ వారమే మిల్లు గేటు దగ్గర ముందు పోతున్న, నేను పని నేర్పిన ఘన్‌పూర్ పిల్లను వెనక నుంచి గట్టిగా పిలిచాను. దారిలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. ఆ పిల్ల తిరగలేదు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు దానికి. ఆ రాత్రే అనుకున్నాను, ఈసారి ఎవరైనా అడిగితే నిజం చెప్పేస్తానని. పని పోతే పోనీ. దాని చెవులు కొంతయినా మిగలాలి.

ఏడాది తిరక్కుండానే మళ్లీ ట్రైనింగు పెట్టారు. అదే హాలు, అవే బల్లలు. ఈసారి వచ్చిన సారు చిన్నవాడు, మీసం లేదు. ఒక్క మాట కూడా నాకు తప్పిపోలేదు. ఆఖరు రోజు అదే ప్రశ్న ఉన్న కాగితం తీశాడు. ఒక్కరు ఉన్నా అందరికీ పరీక్ష అన్నాడు. వచ్చి నా ముందు నిలబడ్డాడు. మా ఘన్‌పూర్ పిల్ల నా పక్కనే కూర్చుంది.

లేచి నిలబడ్డాను. పెద్దమ్మ మొహం గుర్తొచ్చింది. "నాకు ఇనబడ్తలేదు సార్" అన్నాను. "శానా ఏండ్లాయె. డాక్టర్ను పిలిపించు" అన్నాను. ఇన్నేళ్ల బరువు దిగిపోయినట్టనిపించింది.

సారు నన్నే చూస్తూ ఉన్నాడు. ఆయన చెయ్యి మెల్లగా లేచి చెవి వెనక్కు పోయింది. నేను గొంతు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. అదురు లేదు. మళ్లీ చెప్పాను, మొత్తం బలమంతా పెట్టి. చెయ్యి కింద గొంతు రాయిలాగా ఉంది. ఇన్నేళ్ల అలవాటుకు, ఖాతా మనుషుల ముఖాలు ఎదురుగా ఉంటే నాకు పెదవులే వస్తాయి, గొంతు రాదు.

మా పిల్ల లేచింది. నా పెదవులు అది చూసింది. నేనేం చెప్పానో దానికి ముక్క ముక్కా తెలుసు. సారు వైపు తిరిగి, నాకు వీపు పెట్టి, ఏదో అంది. చిన్న మాటే. ఏమందో నాకు కనబడలేదు. సారు నవ్వాడు, కాగితం మీద రాసుకున్నాడు, పక్క మనిషి దగ్గరికి పోయాడు. బల్లల మీద ఆడవాళ్లందరూ నావైపు చూస్తున్నారు. ఆ రోజు పెద్దమ్మను మేము ఎలా చూశామో, అలాగే.

ఇంకోసారి నోరు తెరిచాను. అప్పుడు ఆ పిల్ల చెయ్యి వచ్చి నా గదవ పట్టుకొని, మెత్తగా, తనవైపు తిప్పుకుంది.

"ఫికర్ జెయ్యకు అక్కా, నేనున్న గద" అంది.